పద్నాలుగు బారల దూరం

మా మరిది పోయిన కబురు టీ అంగడి ఆయన తెచ్చాడు. పొద్దున ఎనిమిది దాటింది. వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతున్నాను. సైకిలు దిగకుండానే, "అమ్మా, మీ మరిది పోయినాడమ్మా" అన్నాడు.

నా నోటి నుంచి ముందు వచ్చిన మాట, "ఏ చాంబర్లో?"

"చాంబరేందమ్మా! నా అంగట్లో బెంచీ మీద కూర్చోని టీ తాగుతాండె. గ్లాసు కింద పెట్టి అట్లే గోడకు ఒరిగినాడు. గుండె ఆగిపోయినాదని డాక్టరు చెప్పినాడు."

ఏడుపు తర్వాత వచ్చింది. ముందు ఒక్క క్షణం ఊపిరి తిరిగింది. వెలుతురులో, నలుగురి మధ్య పోయాడు కదా అనిపించింది. అలా అనిపించినందుకు ఇవాళ్టికీ సిగ్గుగానే ఉంది. కానీ పదేళ్లుగా నేను రోజూ భయపడిన చావు అది కాదు. ఆ భయం సంగతి చెబితేగాని మా మరిది ఎలాంటి మనిషో మీకు తెలియదు.

గుంతకల్లులో ఇళ్లలో, లాడ్జీల్లో మోరీ పైపులు పూడిపోతే తీసే పని అతనిది. పెళ్లి చేసుకోలేదు. మా ఆయన పోయాక నా పక్క గదిలోనే ఉండేవాడు. మొదట్లో వెదురుబద్దలతో పొడిచేవాడు. తర్వాత అనంతపురంలో ఎవరి దగ్గరో పాత స్ప్రింగు తీగ కొనుక్కొచ్చాడు. చిటికెనవేలంత లావు, చుట్టలు చుట్టలుగా ఉంటుంది. కొసన కొక్కెం. పైపులోకి తోసి, ఇవతల పిడి తిప్పుతుంటే అది తొలుచుకుంటూ పోతుంది.

ఈ పనిలో నాకు భయం చాంబరు, పైపులు కలిసే చోట మూత వేసి ఉండే లోతు గుంత. నా చిన్నప్పుడు కంబదూరు దగ్గర మా ఊళ్లో ఒక కరువు ఏడు మా నాయన ఎండిన బావిలో పూడిక తీయడానికి దిగాడు. అడుగున చెడుగాలి ఉందని ఎవరికీ తెలియలేదు. పైన పట్టుకున్నవాళ్లు తాడు లాగితే తాడు ఒక్కటే వచ్చింది. అప్పటి నుంచి మనిషి తల నేలకన్నా కిందికి పోతుందంటే నాకు కాళ్లు చల్లబడతాయి.

మా మరిదికి ఇది తెలుసు. అందుకే పని ముగించుకుని వచ్చేటప్పుడు సందు మొదట్లోనే "వచ్చినా వదినా" అని కేకేసేవాడు. ఆ కేక విన్నాకే నేను పొయ్యి మీద అన్నం పెట్టేదాన్ని.

తీగ కొన్న కొత్తలో ఒకరోజు దాన్ని వాకిట్లో పరిచాడు.

"వదినా, ఇది లోపల యాడికి పోయి నిల్చిందో పైనుంచి తెలియడంల్యా. గుర్తులు పెట్టుకుంటే, ఎంత లోపలికి పోయి అడ్డం తగిలిందో తెలుస్తాది. సరీగ్గా ఆడనే తవ్వొచ్చు. చాంబర్లోకి దిగే పనే ఉండదు."

ఆ చివరి మాట వినగానే చేతిలో ఉన్న చేట పక్కన పెట్టేశాను. "దేంతో కొలుస్తావప్పా?"

"బావి తాడు ఎట్ల కొలుస్తారు మీ ఊర్లో?"

మా వైపు నీళ్లు ఎంత లోతుకు పోయాయో తాడుకు బార బారకూ గుడ్డపీలిక కట్టి చూసుకునేవాళ్లం. రెండు చేతులూ బారజాపితే ఒక బార. తీగ చుట్ట విప్పితే ఎగిరిపడుతోందని అతను రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. కొలిచింది నేను. మొదట పీలికలే కట్టాం. ఒకే ఒక్క పనితో అవన్నీ పైపులో ఊడిపోయాయి. "మోరీ తియ్యబోయి మోరీలో గుడ్డలేసొస్తిమి గదా వదినా" అని నవ్వాడు. తర్వాత కిరసనాయిలుతో జిడ్డు తుడిచి, బారకొక పసుపు పెయింటు రింగు, ఐదు బారలకొక ఎర్ర రింగు వేశాం. ఎండలో ఆరబెట్టాం. తీగ లోపలికి పోతుంటే రింగులు గట్టిగా లెక్కపెట్టేవాడు. "మనిషి కంటే ముందు లెక్క పోవాల వదినా" అనేవాడు.

అయినా నా గుండె నిలవదు. మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని అతను పనిచేసే చోటికి పోయేదాన్ని. అన్నం ఒక నెపం. నేను చూసేది చొక్కా. చాంబర్లోకి దిగేవాళ్లు ముందు చొక్కా విప్పుతారు.

ఒకరోజు ఒక లాడ్జి వెనక పెరట్లోకి పోయేసరికి చాంబరు గట్టు మీద చొక్కా మడిచి ఉంది. మూత తీసి ఉంది. మా మరిది ఒక కాలు లోపలి ఇనుప మెట్టు మీద పెట్టాడు. నా చేతిలో క్యారియర్ జారి కింద పడింది.

"దిగొద్దప్పా!"

లాడ్జి యజమాని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఏమమ్మా, మా రూముల్లో కంపు నువ్వు పీలుస్తావా? మీవోడు పద్నాలుగు గుర్తులని చెప్పి నా బండలు పెరికినాడు. ఆడ పైపు పగలగొడితే ఎండిపోయి ఉండాది. అవతల్నుంచి దిగి పొడిస్తే ఐదు నిమిషాల పని."

"లెక్క తప్పలేదు వదినా. మూడుసార్లు ఎంచినా. ఏందో అర్థం కాలా," అన్నాడు మా మరిది. అతని ముఖంలో భయం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

"పైన ఎట్ల కొలిచినావు?"

కాలు పైకి తీసి రెండు చేతులూ బారజాపి చూపించాడు. ఆ చేతులు చూస్తే నాకు అర్థమైంది. అతను ఆరడుగుల మనిషి, నేను అతని భుజానికి కూడా రాను. తీగ మీద ఉన్నవి నా బారలు. నేల మీద కొలిచినవి అతనివి. ఇంత చిన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. బావి తాడుకు ఆ చిక్కు లేదు, పైన మళ్లీ కొలిచేది ఉండదు కాబట్టి.

పైపు మొదలైన చోట మోకాళ్ల మీద కూర్చుని, బండల మీద బోర్లా వంగి చేతులు చాపాను. వేలి కొస దగ్గర బొగ్గుతో గీత. అక్కడి నుంచి మళ్లీ చాపాను.

"ఏమమ్మా, బండల్ని కావలించుకుంటాండావు?" అని ఎవరో అన్నారు. నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. నా చేయి ఒక వేలెడు ఎక్కువ చాపినా, తక్కువ చాపినా అతను మళ్లీ ఆ మెట్టు మీద కాలు పెడతాడు. తీగను కొలిచిన రోజు చేయి ఎలా చాపానో అలాగే చాపాలి. పద్నాలుగో గీత అతను తవ్విన గుంతకు పద్నాలుగు అడుగుల ఇవతలే పడింది.

ఆ బండ లేపారు. పైపు పగలగొడితే నల్లనీళ్లు చిమ్ముకొచ్చాయి. వాటి వెనకే లాడ్జి దుప్పటి ముక్క ఒకటి. మా మరిది దాన్ని కర్రతో లేపి యజమానికి చూపించాడు. "తీసుకోన్నా, ఉతుక్కుంటే కొత్తదే." తర్వాత చొక్కా తొడుక్కున్నాడు. బొత్తాలన్నీ పెట్టుకునే దాకా నేను నేల మీది నుంచి లేవలేదు.

ఆ సాయంత్రం సరిగ్గా నా బారకు ఒక తాడు కోసి, రెండు కొసలూ కాల్చి, తీగ చుట్టకు కట్టుకున్నాడు. పైన కొలవడానికి. తర్వాత ఇంకెప్పుడూ దిగలేదు. దిగమన్న పనులు వదులుకున్నాడు. నేను మాత్రం భయపడడం మానలేదు. "ఇంకా ఎందుకు వస్తావు వదినా ఎండలో?" అని విసుక్కునేవాడు. క్యారియర్ మాత్రం మిగల్చకుండా తినేవాడు.

దినాలు అయ్యాక, అతనితో కొన్నాళ్లు పనిచేసినాయన వచ్చి తీగ అడిగాడు. ఇవ్వాలంటే భయం, ఇవ్వకపోయినా భయం. తీగ లేకపోతే దిగుతాడు కదా. పసుపు రింగులు అరిగిపోయి ఉన్నాయి. మళ్లీ వేసి ఇద్దామని వాకిట్లో పరిచాను. భుజాలు పట్టేసి ఇప్పుడు నా చేతులు పూర్తిగా చాపుకోవు. రింగు నుంచి రింగుకు జానెడు అందడం లేదు. అందుకని పాత గుర్తుల మీదే పెయింటు వేశాను.

ఆయన తాడు పట్టుకుని చూశాడు. "ఇదేందక్కా?"

"నా చెయ్యి. పైన దీంతోనే కొలువు. లెక్క తప్పిందంటే నాకు కబురు చెయ్యి. దిగొద్దు."

"దిగనులే పోక్కా" అని నవ్వాడు.

మర్నాడు మధ్యాహ్నం క్యారియర్ సర్దుకుని, ఆయన పని ఎక్కడో కనుక్కుంటూ పోయాను. మలుపు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. గోడ పట్టుకుని తొంగిచూశాను. ఆయన మోకాళ్ల మీద వంగి, బండల మీద మా మరిది తాడు పరుస్తున్నాడు. చొక్కా ఒంటి మీదే ఉంది, వీపంతా చెమటతో తడిసి.