గడ్డికొట్టంలో నా నంబరు

మా గల్లీ మొదట్లో ఒక వీడియో గేమ్ దుకాణం ఉండేది. దానికి తలుపు లేదు, నీలం గుడ్డ పరదా ఒకటి వేలాడేది. ఆ పరదా నేలదాకా రాదు, మోకాళ్ల దగ్గరే ఆగిపోతుంది. గల్లీ చివరి ఇంట్లో పాలు పోసి తిరిగొస్తుంటే దాని కింద నాకు కాళ్లు మాత్రం కనబడేవి. రబ్బరు చెప్పులు, బూట్లు, మాసిన స్కూలు సాక్సులు. అన్నీ మగపిల్లల కాళ్లే. లోపల దబదబమని గుద్దుళ్లు, ఈలలు, "మారో, మారో" అని కేకలు. క్షణం ఆగితే చాలు, పక్కన కిరాణా కొట్టాయన "ఏం గావాలె బిడ్డా?" అని అడిగేవాడు. ఏం కావాలో ఆయనకెలా చెప్పను? ఒళ్లు మండిపోయేది. ఖాళీ క్యాను ఊపుకుంటూ ఇంటికి వచ్చేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. మాది పాతబస్తీలో యాకుత్‌పురా, పాల వ్యాపారం. ఇంటి వెనక బర్రెలు, వాటి పక్కన గడ్డికొట్టం. నేను ఇంటర్ పరీక్షలు రాసి ఫలితాల కోసం ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నానని పేరుకే. మేడెక్కేదాన్ని, దిగేదాన్ని, బర్రెల దగ్గరికి పోయేదాన్ని, అక్కడా తోచక మళ్లీ మేడెక్కేదాన్ని. యాకుత్‌పురా స్టేషన్‌లో రైలు కూత వినిపిస్తే అది ఎటు పోతుందో తెలియకపోయినా దాని మీద కోపం వచ్చేది. "కాళ్లకు చక్రాలున్నయానే నీకు? ఒక్కకాడ కూసోవా?" అని అమ్మ రోజూ తిట్టేది. పొద్దున ఒక గంట కంప్యూటర్ క్లాసు ఉండేది. ఆ గంట తప్ప మిగిలిన రోజంతా నాకు ముళ్ల మీద ఉన్నట్టే ఉండేది.

అన్న నాకంటే ఏడాది పెద్ద. వాడి కాపురమంతా ఆ నీలం పరదా వెనకే. రాత్రి అన్నాల దగ్గర ఆ దుకాణం ముచ్చట్లు చెప్పేవాడు. అన్నిటికంటే నాకు బాగా గుర్తుండిపోయింది రూపాయి సంగతి. తెర కింద చెక్క అంచు ఉంటుందట. ఆడాలనుకున్నవాడు దాని మీద తన రూపాయి పెట్టాలి. పెడితే నంబరు పట్టినట్టే. ఓడినవాడు పక్కకు తప్పుకోవాలి, వరసలో మొదటి రూపాయి ఎవరిదో వాడు వచ్చి నిలబడాలి.

"ఎంత పెద్ద పహిల్వాన్ అయినా సరే, ఇంకొకని రూపాయి ముట్టడు" అన్నాడు అన్న.

"ఆడపిల్ల పెడితే?"

"ఆడపిల్ల గాడికెందుకొస్తది?" అని నవ్వి, పెరుగు కలుపుకున్నాడు. ఆ పెరుగు గిన్నె తీసి వాడి నెత్తిన బోర్లించాలనిపించింది.

అమ్మ బాధ అమ్మది. ఊళ్లో ఎక్కడ లొల్లి జరిగిందని విన్నా ముందు కొడుకు కోసం గల్లీ మొదటికి పరుగెత్తేది. ఒకనాడు అలాగే పరుగెత్తి, వాడి చెవి పట్టుకుని తీసుకొచ్చి, వాకిట్లో నిలబెట్టి అన్నది: "గా మిషన్ ఏందో ఇంట్లనే తెచ్చి పెట్టుకోరాదురా! నా కండ్ల ముంగట ఆడి సావు!"

కోపంలో అన్న మాటే అది. వాడు దాన్ని పట్టుకున్నాడు. మరునాడే తన దోస్తును వెంటబెట్టుకొచ్చాడు. ఆ అబ్బాయి వాళ్లుండేది బార్కస్‌లో, వాళ్ల మామకు పాత సామాన్ల దందా. ఆఫీసుల్లో పారేసిన కంప్యూటర్లు ఆయన గోదాములో గుట్టలుగా ఉంటాయట. అక్కడి నుంచి ఆటోలో ఒక మానిటర్ దిగింది. నెత్తి మీద ఎవరిదో ఆఫీసు స్టిక్కరు, మూలన పగిలిన ప్లాస్టిక్కు. తరువాత నాలుగు డబ్బాల్లోంచి పీకిన భాగాలు కలిపి కట్టిన ఒక కంప్యూటర్ వచ్చింది. గేమ్ దుకాణం ఆయన పాడైన మిషన్‌లోంచి రెండు జాయ్‌స్టిక్కులు ఇచ్చాడు. అందులో ఒకటి ఎడమకు పోవాలంటే బతిమాలాలి. పనికిరాని ప్లైవుడ్ అల్మారా ఒకటి గడ్డికొట్టంలో పడి ఉంటే దాని నడుం కోసి, మానిటర్‌ను లోపల కూర్చోబెట్టారు. బటన్ల కోసం అన్న బేగంబజార్ పోయి ఏం తెచ్చాడనుకున్నారు? కాలింగ్ బెల్లు స్విచ్చులు! ప్రతి దాని మీదా ఎర్రగా చిన్న గంట బొమ్మ. అమ్మ చూసి, "ఎవలింటి తలుపు కొడుతరురా గిప్పుడు?" అని పగలబడి నవ్వింది.

తీరా అన్నీ బిగించాక, బటన్ నొక్కితే కంప్యూటర్‌కు తెలిసేదెలా అన్న దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. రెండు రోజులు ఆ అల్మారా చుట్టూ తిరిగారు. నేను గడ్డికొట్టం గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"కీబోర్డు విప్పుండ్రి" అన్నాను.

"నీకేం తెలుసే?"

"నాకు తెల్వకుంటె నీకు తెలుసా? విప్పు మొదలు."

కంప్యూటర్ క్లాసులో పాడైన కీబోర్డును మా సారు విప్పి చూపించాడు. లోపల అరచేతిలో పట్టేంత చిన్న పలక ఉంటుంది. దాని మీది చుక్కల్లో ఏవో రెండు కలిపితే చాలు, ఎవరో అక్షరం నొక్కారని కంప్యూటర్ నమ్మేస్తుంది. ఏ రెండు కలిపితే ఏ అక్షరం వస్తుందో వైరు ముక్క పట్టుకుని ఒక్కొక్కటే వెతికాను. రేడియో రిపేరు కొట్టు నుంచి సోల్డరింగ్ ఐరన్ అడిగి తెచ్చుకుని, వేళ్లు కాల్చుకుంటూ బటన్ బటన్‌కూ వైర్లు అతికించాను. జీవితంలో మొదటిసారి అనుకుంటాను, ఒక్కచోట కుదురుగా కూర్చున్నాను. అన్న వైర్లు కూడా తెలివిగానే తెచ్చాడు! చవకగా దొరికిందని ఒకే కట్ట, అన్నీ ఎర్రవే. వెనక నుంచి చూస్తే ఏది ఎక్కడికి పోతుందో దేవుడికి కూడా అంతుపట్టదు. నాకు మాత్రం కళ్లు మూసుకున్నా తెలుసు.

మొత్తానికి మిషన్ ఆడింది. ఇద్దరు కొట్టుకునే ఆట ఉన్న సీడీ ఒకటి బార్కస్ అబ్బాయి తెచ్చాడు. చప్పుడుకు బర్రెలు పాలు సేపుతలేవని బాపు కేకలేస్తే స్పీకర్ తగ్గించాం. పాలు పితికే వేళ తెర వెలుగు బర్రెలకు కనబడకుండా గుమ్మానికి గోనెపట్టా కట్టాం. అది కూడా మోకాళ్ల దాకానే వచ్చింది.

ఆ సాయంత్రం అన్న దోస్తులు ఆరేడుగురు దిగారు. "మస్తు చేసినవ్ భాయ్!" అని వాడి భుజం చరుస్తున్నారు. వాడు ఛాతీ విరుచుకుని, "ఇగ ఏమనుకున్నరు?" అంటున్నాడు. వేళ్లు కాలినవి నాకు, పొగడ్తలు వాడికి! అప్పటికే అల్మారా అంచు మీద రూపాయలు వరసకట్టాయి. ఈ మిషన్‌కు రూపాయి అక్కర్లేదు, వేసే కన్నం కూడా లేదు. అయినా అలవాటు కొద్దీ పెట్టారు. అమ్మ చాయ్ పట్టుకుపొమ్మంది. పళ్లెం గడ్డి మోపు మీద పెట్టి, కొంగులో ముడివేసుకొచ్చిన రూపాయి తీసి, వరస చివర పెట్టాను.

అందరూ చూశారు. ఒకడు కిసుక్కున నవ్వాడు. అన్న ముఖం ఎర్రబడింది. నా రూపాయిని రెండు వేళ్లతో తీసి చాయ్ పళ్లెంలో పడేసి, "లోపలికి పో" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చే చోటంతా కోపమే ఉంది. అల్మారా వెనక్కి పోయాను. వెనక చెక్క ఇంకా కొట్టలేదు. ఎర్ర వైర్ల కుప్పలో చెయ్యి పెట్టి ఒకటి పీకాను. అన్న వైపు గుద్దు బటన్‌ది అది. అవతల ఆడుతున్న అన్న గంట బొమ్మ మీద టకటక నొక్కుతున్నాడు, తెర మీద వాడి మనిషి చేతులు ముడుచుకుని తన్నులు తింటున్నాడు. ఓడిపోయాడు. ఒకసారి తిట్టి, ఇంకోసారి చెక్కను గుద్ది, చివరికి వెనక్కి వచ్చి తల పెట్టి చూశాడు. నా చేతిలో వైరు ఉంది.

"పెట్టు" అన్నాడు పళ్లు కొరుకుతూ.

"మొదలు నా రూపాయి పెట్టు."

"దోస్తుల ముంగట ఇజ్జత్ తియ్యకే."

"మరి నా ఇజ్జత్? ఇది చేసిందెవరు?"

వాడు వైర్ల కుప్పను చూశాడు. ఇటొకటి కదిపాడు, అటొకటి కదిపాడు. ఏదీ తెలియలేదు. ముందు నుంచి బార్కస్ అబ్బాయి, "ఉస్కా సిక్కా రఖ్ దే యార్, ఖేల్నే దే" అన్నాడు, నా రూపాయి పెట్టి నన్ను ఆడనిమ్మని. అన్న పళ్లెంలోంచి రూపాయి తీశాడు. చాయ్ అంటుకుంటే చొక్కాకు తుడిచి, వరస చివర పెట్టాడు. నేను వైరు మళ్లీ మెలితిప్పి పెట్టాను.

ఇప్పటికీ ఆ వైరు పీకినందుకు నాకు రవ్వంత బాధ లేదు.

నా నంబరు వచ్చింది. ఎదురుగా బార్కస్ అబ్బాయి. నాకు ప్రతి వైరూ తెలుసు, ఆట మాత్రం ఒక్క ముక్క రాదు. ఎడమకు పోనని మొండికేసే జాయ్‌స్టిక్కు నా వైపే వచ్చింది. ఊపిరి తీసుకునేలోపే చిత్తుగా ఓడిపోయాను. ఇందాక నవ్వినవాడు మళ్లీ నవ్వాడు. నేను పక్కకు తప్పుకున్నాను. కొంగులో ఇంకో రూపాయి ఉంది. తీసి వరస చివర పెట్టి, గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఈసారి ఎవరూ ముట్టలేదు. నా ముందు నలుగురున్నారు. ఎటూ పోవాలనిపించలేదు. మేడ గుర్తుకు రాలేదు, రైలు కూసిందో లేదో కూడా తెలియదు.

అప్పుడు వాకిట్లోంచి అమ్మ గొంతు వినబడింది. పట్టా అవతలే నిలబడింది, కింద ఆమె కాళ్లు కనబడుతున్నాయి. ఇటువైపు చెప్పుల మధ్యలో నా పట్టీల కాళ్లు ఆమెకు కనబడే ఉంటాయి.

"గా పొల్ల ఇంక గాన్నే ఉన్నదారా? చాయ్ ఇచ్చి రమ్మంటె ఏం చేస్తున్నది? లోపలికి పంపు!"

గుద్దుళ్ల చప్పుడు ఆగింది. అందరూ అన్న వైపు చూశారు. వాడు తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"దాని నంబర్ ఉన్నదమ్మా" అన్నాడు. "ఆడినంక వస్తది."