గోపురంలో గోపురం

అమెరికాలోని కాపెల్‌లో మా గుడి గర్భాలయం మీది పాత విమానగోపురాన్ని కూల్చి, మూడింతలు పెద్దది కట్టాలని 2013లో కమిటీ తీర్మానించింది. చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. పదేళ్ల క్రితం దాన్ని కట్టిన శిల్పి తిరుపతయ్య గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడని, ఆయన్ని ఒక్క మాటైనా అడగాలని మా పెద్ద బుర్రలకు తట్టలేదు.

తిరుపతయ్యది ఆళ్లగడ్డ. అన్నతో కలిసి వచ్చి ఆ గోపురం చేశాడు. తూర్పు వైపు నరసింహస్వామిని అన్నే మలిచాడు. తమ్ముణ్ణి ఇక్కడ పనిలో ఉంచి ఊరికి వెళ్లిన నెలకే ఆయన పోయాడు. ఆయన చివరి బొమ్మ అదే.

"మాయన్న చేతి పని అదొక్కటే మిగిలిండేది సామీ," అని తిరుపతయ్య అధ్యక్షుడు విశ్వనాథ్‌గారిని బతిమాలాడు.

"మూలవిరాట్టు కాదుగా, సిమెంటు బొమ్మే కదా. డిజైన్ ఫైనల్ చేసేశాం," అన్నారాయన.

నాకు ఒళ్లు మండింది. మండి ఏం లాభం, ఓటు వేసింది నేనే.

దారి చూపినవాడు రామిరో. మెక్సికో నుంచి వచ్చిన మేస్త్రీ, పదేళ్లుగా తిరుపతయ్యకు తోడు. ఒకరి భాష ఒకరికి రాదు, చేతులతోనే కబుర్లు. ఒకరోజు ఓ పుస్తకం తెచ్చి తన పూర్వీకుల అజ్‌టెక్ పిరమిడ్ చూపించాడు. పక్కపక్కనే రెండు మెట్లవరుసలు, వాటి మొదట్లో రాతి పాము తలలు, శిఖరాన జంట గుళ్లు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. నిలువునా కోసినట్టు గీసిన బొమ్మలో గుడి లోపల గుడి, ఒకదానిలో ఒకటి ఏడు.

"మావాళ్లు పాతదాన్ని కూల్చలేదు, దాన్ని లోపలే ఉంచి కొత్తది కట్టారు. పైదాన్ని తర్వాత దండెత్తి వచ్చినవాళ్లు పడగొట్టారు. లోపలిది మిగిలింది, రంగులు కూడా ఇంకా ఉన్నాయి," అని ఇంగ్లీషులో చెప్పాడు. నేను తిరుపతయ్యకు తెలుగులో చెప్పాను.

ఆ పుస్తకం పట్టుకుని విశ్వనాథ్‌గారి మీదికి వెళ్లాను. ఇంజనీరు మనిషి, వారం రోజులు లెక్కలు వేసి సరేనన్నారు. "కానీ ఇక అదెవరికీ కనిపించదు. ఆయనకి చెప్పండి."

"తెలుసమ్మా," అన్నాడు తిరుపతయ్య, నేను చెప్పగానే.

మూసే ముందు నరసింహస్వామికి మళ్లీ రంగులు వేశాడు. ఎవరూ చూడనిదానికి రెండు వారాలా అని గొణిగినవాళ్లూ ఉన్నారు. కొత్త గోడలో చివరికి ఒక్క ఇటుక పట్టేంత సందు మిగిలింది. రామిరో తాపీ అతని చేతికిచ్చి తప్పుకున్నాడు. తిరుపతయ్య ఇటుక పెట్టి, సిమెంటు మెత్తి, పరంజా మీదే కూలబడి ఏడ్చాడు.

"కూల్చలేదు కదండీ, ఇంకెందుకు?" అన్నాను.

"మాయన్న పోయినప్పుడు వీసా కాగితాలు కదల్లేదమ్మా. పోలేకపోతి. పిడికెడు మట్టి ఎయ్యలేదు. ఈ పొద్దు ఏసినా."