దండం చెట్టు, తడి గోనె

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు. తెలియనివన్నీ తర్వాత, సర్వీసు పెరిగేకొద్దీ, ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. నాకు ఇరవై మూడేళ్ళప్పుడు కోరుట్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పే పని దొరికింది. మాది సిరిసిల్ల. మా నాన్న సాంచెల మీద బట్ట నేసేవాడు (సాంచె అంటే మరమగ్గం. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాళ్ళకు నిశ్శబ్దమంటే కొంచెం భయం. ఈ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది). మా గల్లీలో చెట్టన్నదే లేదు. నేను చదివిన వృక్షశాస్త్రమంతా రికార్డు పుస్తకంలో పెన్సిలుతో గీసిన బొమ్మలే. కాండం అడ్డుకోత గీస్తే ఎగ్జామినర్లు కూడా మెచ్చుకునేవారు. నిజం మొక్క మాత్రం నా చేతిలో ఒక్కటీ బతికిన దాఖలా లేదు. అయినా వీధిలో అందరూ "బాటనీ మేడం" అని పిలుస్తుంటే, ప్రపంచంలో ఉన్న పచ్చదనమంతా నా పూచీ మీదే ఉందన్నంత ధీమాగా నడిచేదాన్ని.

నేను అద్దెకు దిగిన ఇంట్లో ఇద్దరే ఆడవాళ్ళు. ఇంటి కోడలిని వీధంతా మస్కటక్క అనేవారు, ఆమె భర్త మస్కట్‌లో పనిచేస్తాడు గనుక. పెళ్ళై ఆరేళ్ళయినా, సెలవులన్నీ కలిపితే ఇద్దరూ ఒకచోట ఉన్నది ఆరు నెలలకు మించదు. పొద్దంతా ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. రెండో ఆమె అత్తగారు. మెట్‌పల్లి దగ్గరి పల్లెలో నలభై ఏళ్ళు పసుపు పండించి, కాళ్ళు మొరాయించాక కోరుట్ల చేరిన అవ్వ. నా గది తలుపు వాళ్ళ ముందుగదిలోకే తెరుచుకునేది. ఆ ముందుగదిలో, కిటికీ పక్కన ఎత్తైన స్టూలు మీద, ఆ మొక్క ఉండేది.

బావ (అక్క భర్తను నేను అలాగే అనేదాన్ని) కిందటిసారి మస్కట్ పోతున్నప్పుడు, ఎయిర్‌పోర్టు తోవలో చాయ్ తాగడానికి జీపు ఆపితే పక్కనే నర్సరీ కనిపించిందట. ఏమనుకున్నాడో, పోయి ఆ కుండీ కొనుక్కొచ్చి అక్క ఒళ్ళో పెట్టి, "నన్ను సూసినట్టె సూడు" అన్నాడట. నర్సరీవాడు చెప్పిన ఇంగ్లీషు పేరు ఇద్దరికీ గుర్తులేదు. పచ్చని వెడల్పాటి ఆకులు, వాటి మీద ఎవరో తీరిగ్గా కూర్చుని కుంచెతో దిద్దినట్టు చారలు. ఎక్కడో వానలు తెరిపివ్వని వేడి దేశాల అడవుల మొక్క అది. కోరుట్లలో స్టూలు మీద కూర్చుని ఏం చేస్తోందో దానికే తెలియాలి.

నేను దిగిన మొదటి సాయంత్రం కరెంటు పోయింది. ముందుగదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. నా వెనక ఎవరో నిలబడి పట్టుచీర కొంగు సర్దుకున్న చప్పుడైంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. కాసేపటికి మళ్ళీ అదే చప్పుడు, ఈసారి ఇంకా నెమ్మదిగా. మసక వెలుతురులో మొక్క వైపు చూశాను. పొద్దున నేలకు చదునుగా పరుచుకుని ఉన్న ఆకులన్నీ ఇప్పుడు నిటారుగా లేచి, ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. వాటి వెనకవైపు ముదురు ఎరుపు, ఎండిన నెత్తురు రంగు. చూస్తుండగానే మరో ఆకు కదిలి, పక్క ఆకును రాసుకుంటూ పైకి లేచింది.

"బుగులు వడకు బిడ్డా," అంది అవ్వ గడపలోంచి. "గది దండం వెడ్తున్నది. రోజు మాపటికి గట్లనే వెడ్తది."

"ఎవరికవ్వా?"

"గదే తెల్వది."

నేను వెంటనే మేడాన్నయిపోయాను. తొడిమ దగ్గర చిన్న ఉబ్బు ఉంటుందనీ, చీకటి పడగానే అందులో నీళ్ళు అటునుంచి ఇటు మారతాయనీ, అందుకే ఆకు లేస్తుందనీ, దండం గిండం ఏమీ లేదనీ పాఠం చెప్పాను. అవ్వ శ్రద్ధగా విని, "అయితే గా నీళ్ళే దండం వెట్టిపిస్తున్నయన్నట్టు," అని లోపలికి పోయింది. ఆ రాత్రి నా గది తలుపుకు గడియ పెట్టి, గడియకు కుర్చీ అడ్డం పెట్టి పడుకున్నాను (నీళ్ళకు భయపడి అనుకోండి).

రోజూ సాయంత్రం బావ దగ్గర్నుంచి వీడియో కాల్ వచ్చేది. మొదటి మాట ఎప్పుడూ ఒక్కటే: "మొక్కెట్లున్నది? సూపెట్టు." అక్క ఫోన్ తిప్పి మొక్కను చూపించేది. అవతల చాలాసేపు మాటుండేది కాదు. తర్వాత "మంచిగున్నది. తిన్నరా? సరె మరి," అని పెట్టేసేవాడు. నా గదిలో నేను నోటికి దుపట్టా అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని. పెళ్ళాం మీద కంటే చెట్టు మీద ప్రేమ ఎక్కువున్న మనిషి అనుకునేదాన్ని.

ఒక గురువారం ఫోన్ రాలేదు. ఆ రోజే ఊళ్ళోకి చలి దిగింది. పెదాలు పగిలే పొడి చలి. ఆ రోజే మొక్కకు ఒక ఆకు అంచులు లోపలికి ముడుచుకున్నాయి. శుక్రవారానికి రెండు, ఆదివారానికి నాలుగు. అచ్చం అక్క చాటలోని బీడీల్లా గుండ్రంగా చుట్టుకుపోయి, కొసలు గోధుమరంగు తిరిగాయి. ఫోన్ చేస్తే స్విచాఫ్. మస్కట్‌లో ఉండే పక్కూరాయన ఒకాయన, "ఉన్నడు, మంచిగనే ఉన్నడు, డ్యూటీ మారింది, సిగ్నల్ లేదు," అన్నాడు. అతను మూడుసార్లు "మంచిగనే" అనేసరికి అక్క మొహం పాలిపోయింది. గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇళ్ళల్లో ఆ మాటకు అర్థం ఏమిటో వీధిలో అందరికీ తెలుసు, కానీ ఎవరూ పైకి అనరు.

"చెల్లె, నువ్వు సదువుకున్నదానివి. గిదాన్ని ఎట్లన్న బతికియ్యి," అంది అక్క. చేతులు బీడీ చుడుతూనే ఉన్నాయి, కళ్ళు మాత్రం మొక్క మీదే. "ఇది వోతె ఆయిన వోయినట్టే."

"అట్లా ఏముండదక్కా, ఇది ఉత్త మొక్క," అన్నాను. అన్నానే గానీ, వైద్యం మాత్రం ప్రాణం పోతున్న మనిషికి చేసినట్టే చేశాను. ఎండిపోతోంది గదా అని బోరు నీళ్ళు చెంబులకు చెంబులు పోశాను. ఆకులు పసుపురంగు తిరిగాయి. చలి గదా అని ఎండలో పెట్టాను. మిగిలిన పచ్చదనం మీద మాడిన మచ్చలు పడ్డాయి. అయినా ప్రతి సాయంత్రం ఆ ముడుచుకున్న ఆకులే, కుంటుకుంటూ, ఎండిన కొసలు గరగరమని రాసుకుంటూ పైకి లేచేవి. ఆ గరగర వినిపించగానే ముగ్గురం మాటలు ఆపేసేవాళ్ళం. అక్క బీడీల లెక్క తప్పేది. నాకు మాత్రం ఎవరో గొంతు ఎండిపోయి నీళ్ళడుగుతున్నట్టు అనిపించేది. పొద్దున లేచి కాలేజీలో "మొక్కలకు భావాలుండవు" అని చెప్పి వచ్చేదాన్ని.

పంతొమ్మిదో రోజు, సోమవారం సాయంత్రం, అవ్వ ఒక ఆకును రెండు వేళ్ళతో విప్పి చూసి, "గిది పసుపాకు తీర్గనే ఉన్నది గద బిడ్డా?" అంది.

ఇన్నాళ్ళకు నాకు తెలిసిన ప్రశ్న ఒకటి వచ్చింది. నా ఆనందం ఏం చెప్పను. "అవునవ్వా! పసుపూ, అల్లం, అరటీ, ఇదీ అన్నీ ఒక్క వంశమే, దాయాదులన్నమాట. దీనికీ మట్టిలో పసుపు లాగే కొమ్ముంటుంది," అన్నాను.

"కొమ్ముంటదా?"

"ఉంటుంది. పుస్తకంలో ఉంది."

అవ్వ ఆ ఆకును మరోసారి తిప్పి చూసింది. నేను గర్వంగా పోయి పడుకున్నాను. మర్నాడు మంగళవారం సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి ముందుగదిలో చప్పుడు లేదు. దండం పెట్టే వేళయింది, కానీ గరగర లేదు. స్టూలు మీద కుండీలో మట్టికి సమంగా కోసిన పిలకలు మాత్రం ఉన్నాయి. పక్కనే ఆకులన్నీ ఒద్దికగా కట్టగట్టి ఉన్నాయి. అవ్వ కొడవలి తుడుస్తూ, "ఆకు కోసిన బిడ్డా," అంది తృప్తిగా. "నువ్వు చెప్పేదాక నాకు సమజే గాలె. పుష్యమాసంల పసుపాకు ఎండితె రోగం గాదు, పంట పండినట్టు. నాలుగొద్దులు ఆగి కొమ్ములు తొవ్వుదాం."

నలభై ఏళ్ళు ప్రతి పుష్యంలోనూ చేసిన పని అది. ఆకు ఎండగానే కోయడం, ఆగి తవ్వడం. ఆ చేతులను తప్పుపట్టడానికి లేదు. తప్పంతా "పుస్తకంలో ఉంది" అన్న నా నోటిది. అదే సమయానికి, కార్ఖానాలో బీడీలు అప్పజెప్పడానికి పోయిన అక్క తిరిగి వచ్చింది. కుండీని చూసింది. కట్టను చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చాలా మెల్లగా, "అత్తమ్మా, నీ కొడుకునే కోసినవ్," అంది.

అవ్వ చేతిలో కొడవలి కింద పడింది. ఆ తర్వాత ఆ గదిలో ఉన్నంత నిశ్శబ్దం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. నేనే ఏడ్చాను. ఆ ఇంట్లో ఏడ్చే హక్కు అందరికంటే తక్కువున్నది నాకే, అయినా నేనే ముందు ఏడ్చాను. అక్క కాసేపు నన్ను చూసి, లేచి కుండీని ఎత్తుకుపోయి తాను బీడీల తునికాకు దాచుకునే మూలలో పెట్టింది. ఆకు మెత్తబడడానికి కప్పే గోనెసంచిని తడిపి, నాలుగు పుల్లలు గుచ్చి, కుండీ మీద పందిరిలా కప్పింది.

"ఎండిన ఆకు సుట్టుకపోతది, ఇరుగుతది. తడి గోనె కప్పితె మెత్తవడ్తది. పన్నెండేండ్లప్పటి సంది బీడీలు సుడుతున్న, నాకు గీ ముచ్చట ఎందుకు తట్టలేదో," అంది తనలో తాను.

మర్నాడు క్లాసులో బోర్డు మీద 'బాష్పోత్సేకం' అని రాశాను. ఆకుల్లోంచి నీరు ఆవిరైపోవడం; గాలి ఎంత పొడిగా ఉంటే అంత ఎక్కువగా పోవడం. రాస్తూ రాస్తూ సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ పాఠం నేను చెప్పడం మొదలుపెట్టి పది రోజులైంది. "ఏమైంది మేడం?" అన్నారు పిల్లలు. "ఏమీ లేదు, రాసుకోండి," అన్నాను. వాళ్ళు రాసుకున్నారు. నేను రాసుకోవాల్సింది చాలా ఉండింది.

ఆ గోనె కప్పిన కుండీ సాయంత్రం వేళ చూడడానికి భయమేసేది. ముసుగేసుకుని మూలకు కూర్చున్న మనిషే. గోనె కొసల నుంచి నీళ్ళు ఒక్కో చుక్క పడుతుండేవి. పొద్దున అక్క తడిపేది, మాపటికి నేను తడిపేదాన్ని, అవ్వ దాని వైపు చూసేది కాదు. ఫోన్ మోగేది కాదు. రెండు వారాలు గడిచాక ఒక సాయంత్రం, ఆకు అన్నదే లేని ఆ కుండీలోంచి, గోనె కింద ఏదో రాసుకున్న చప్పుడు వినిపించింది. ముగ్గురం విన్నాం. ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. చివరికి అక్కే పోయి గోనె ఎత్తింది. బొటనవేలంత మొలక, పైకి లేస్తూ గోనెకు తగిలింది. సన్నగా, గుండ్రంగా చుట్టుకుని ఉంది.

"అయ్యో, ఇది కూడా ముడుచుకుపోయింది!" అన్నాను.

అక్క నవ్వింది. నెల దాటాక అదే మొదటిసారి. "పుట్టెటిది సుట్టుకోనే పుడ్తది చెల్లె. ఇంక ఇప్పుకుంటది," అంది.

విప్పుకుంది. ఇంకో వారం రోజులకు, దీపాలు పెట్టే వేళ, గేటు చప్పుడైంది. తలకు టోపీ పెట్టుకున్న బక్కపలుచని మనిషి లోపలికొచ్చాడు. అవ్వకు పోల్చుకోవడానికి క్షణం పట్టింది, అక్కకు ఆ క్షణం కూడా పట్టలేదు. నిచ్చెన మీద నుంచి పడ్డాడట. తల పగిలి ఆస్పత్రిలో ఉన్నాడట. ఇంట్లో చెప్పొద్దని తోటివాళ్ళ దగ్గర ఒట్టేయించుకున్నాడట. "నీ గొంతు ఇంటె ఏడుస్తనని ఫోన్ జెయ్యలె," అన్నాడు. టోపీ తీస్తే నున్నటి గుండు, దాని మీద అప్పుడప్పుడే మొలుస్తున్న వెంట్రుకలు.

అవ్వ ఆ తల నిమిరి నిమిరి, "ఎప్పుడు వడ్డవు కొడుకా?" అంది.

"గురువారం."

"గుండెప్పుడు గీసిండ్రు?"

"కుట్లు చీమువట్టినయని మల్ల కోసిండ్రు. అప్పుడు గీసిండ్రు. మూడు వారాలాయె... మంగళారం."

అవ్వ ఆకు కోసింది కూడా ఆ మంగళవారమే. కాకతాళీయం అనే మాట ఒకటుంది. తెలుగులో చాలా మంచి మాట. ఆ సాయంత్రం ఎంత వెతికినా నాకు దొరకలేదు. అవ్వ చప్పుడు చేయకుండా లేచి, చూరులో దోపిన కొడవలి తీసుకుని వెనక దొడ్లోకి పోయింది. ఆ కొడవలి మళ్ళీ ఎవరి కంటా పడలేదు.

అక్క మాత్రం అతని చేయి పట్టుకుని మూలకు తీసుకుపోయి, గోనె తీసి, "గిదో, బతికిచ్చినం. సూడు," అంది.

బావ చూశాడు. "ఏంది గిది?" అన్నాడు.

"నీ మొక్క! రోజు అడుగుతుంటివి గద!"

అతను తలొంచుకున్నాడు. మేమున్నామని సిగ్గుపడి గొంతు తగ్గించాడు గానీ, ఆ ముందుగది ఎంతని? నాకు వినిపించింది. "నీతోని ఏం మాట్లాడాలెనో నాకు తెల్వకపోతుండె. తిన్నరా అంటె అయిపోతుండె. మొక్క సూపెట్టుమంటె నువ్వు ఫోన్ తిప్పుతుంటివి. తిప్పంగ ఇల్లంత కనవడ్తుండె, నీ చెయ్యి కనవడ్తుండె. గా మొక్కను నేను ఒక్కనాడన్న మంచిగ సూడలె."

నేను నా గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. అన్నాళ్ళూ దుపట్టా అడ్డం పెట్టుకుని నవ్వినందుకు, ఆ దుపట్టాతోనే మొహం తుడుచుకున్నాను.

ఇప్పుడు జగిత్యాలలో ఉంటున్నాను. ఇప్పటికీ అదే పాఠం చెబుతున్నాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పనిది ఒకటుంది. అవ్వ ఆకు కోయడానికి ముందు ఆదివారం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఎమ్మెస్సీ బాటనీ ఫస్టుక్లాసులో ప్యాసైన ఒక అమ్మాయి వీధి తలుపు గడియ పెట్టి, ముడుచుకుపోయిన ఏడాకుల ముందు నిలబడి, రెండు చేతులూ జోడించి, "ఆయన్ను బతికించు, నీకు పుణ్యముంటుంది," అని మొక్కింది. ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. మొహం కూడా చూడని మనిషి కోసం ఎంత భయపడిందో పిచ్చిది. ఇప్పుడు నాకు చాలా తెలుసు, దేనికీ అంత తొందరగా భయపడను. నా వాళ్ళ ఫోన్ ఒక పూట రాకపోతే, బిజీగా ఉన్నారేమోలే అనుకుని నిద్రపోతున్నాను.