సున్నా చూపించిన మీటరు

చుక్కమ్మ అసలు పేరు ఆ ఊళ్ళో ఆవిడ మొగుడికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ మహానుభావుడు కూడా ఈ మధ్య “చుక్కా, కాస్త కాఫీ” అనడం మొదలుపెట్టాడు. నీళ్ళ మీటర్లు బిగించే పనిలో చేరిన కొత్తలో తోటి ఫిట్టర్లు పెట్టిన పేరు అది. మిగతావాళ్ళంతా మీటరు బిగించి, కుళాయి తిప్పి, నీళ్ళు రాగానే సంచీ భుజాన వేసుకుని పక్కింటికి పోయేవాళ్ళు. ఈవిడ మాత్రం గొట్టం అతుకు దగ్గర గొంతుక్కూర్చుని, చుట్టూ వేలితో తడిమి, వేలికి తడి అంటలేదని నమ్మకం కుదిరేదాకా లేచేది కాదు. ఒక్క చుక్క కనబడిందా, మళ్ళీ మొదటికి. “నీ కోసం ఊరు ఆగదమ్మా” అని వాళ్ళు వేళాకోళం చేస్తే, “కారితే మాత్రం మీరు వచ్చి పట్టుకుంటారేంటి” అనేది.

అంతకుముందు ఆవిడ సీసా మూతలు చేసే ఫ్యాక్టరీలో పని చేసింది. ఆ మూతల ఫ్యాక్టరీకే మూత పడింది. మీటర్ల పనికి వచ్చిన రోజున సూపర్‌వైజరు ఆవిడ చేతులు చూసి నవ్వాడు. పొట్టి వేళ్ళు, బడికెళ్ళే పిల్ల చేతుల్లా ఉంటాయి. “రెంచిని నువ్వు పడతావా, రెంచే నిన్ను పడుతుందా?” అన్నాడు. ఆవిడ నొచ్చుకుంది కానీ బయటపడలేదు. ఇరుకు గుంటల్లో ఎవరి చెయ్యీ దూరని చోట ఆ పొట్టి చెయ్యే దూరుతుందని అతనికి తెలిసొచ్చాక నవ్వు మానేశాడు. మెచ్చుకోవడం మాత్రం మొదలుపెట్టలేదు, అది వేరే సంగతి.

ఆవిడకి ఈ పనంటే ప్రాణం. మూతలు సర్దినన్నాళ్ళూ ఏ మూత ఏ సీసాకి ఎక్కిందో తెలిసేది కాదు. ఇక్కడ అలా కాదు. సాయంత్రం ఇంటికి నడుస్తూ, ఇది నేను బిగించిందే, అదీ నేను బిగించిందే అని ఇళ్ళు చూసుకుంటూ వెళ్ళొచ్చు. అవి సరిగ్గా పని చేస్తే ఇంకా బాగుండును. ఊరంతా ఒకేసారి కొత్త మీటర్లు పెట్టాలని నీళ్ళ ఆఫీసు ఏ ముహూర్తాన అనుకుందో గానీ, రోజుకో గొడవ. కొన్ని మీటర్లు గొట్టంలో గాలి వచ్చినా గిర్రున తిరిగేవి. ఒకాయన లెక్క పక్కింటావిడ ఫోనుకి వెళ్ళేది. తాళం వేసిన ఇంట్లో జనం జలకాలాడుతున్నట్టు చూపించేది. తిట్లన్నీ నీలం చొక్కా వేసుకుని ఎదురుగా కనబడే ఫిట్టర్లకే.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున్న సూపర్‌వైజరు ఆవిడని పక్కకి పిలిచాడు. మామూలుగానే ముక్కు మీద కోపం ఉండే మనిషి, ఆ రోజు ముఖం కందగడ్డలా ఉంది.

“గుట్ట కింద దర్జీ ఇల్లుంది చూడు, ఆ మీటరు బిగించింది నువ్వేగా?”

“నేనే సార్. ఏం, కారుతోందా?”

“కారినా బాగుండేది. బిగించిన దగ్గర్నుంచీ సున్నా. ఆ ఇంట్లో కుళాయి చూస్తే రాత్రీ పగలూ ధార. ఫిట్టరూ ఇంటాయనా కుమ్మక్కై దొంగ లైను వేసుకున్నారంటున్నారు పైవాళ్ళు. ఇవాళ తేలకపోతే నువ్వు రేపట్నుంచి రానక్కర్లేదట. ఆయన కనెక్షన్ పీకేస్తారట.”

చుక్కమ్మ సంచీ భుజాన వేసుకుని అతని వెంట బయల్దేరింది. పని పోతుందన్న భయం ఒక ఎత్తు, దొంగ అన్న మాట ఇంకో ఎత్తు. గుట్ట దాకా నడుస్తున్నంతసేపూ ఆవిడకి ఒక్కటే అనుమానం. ఆ ముసలాయన టీ ఇచ్చి, తీయగా మాట్లాడి, తన కళ్ళు కప్పాడా?

దర్జీ తాత ఇల్లు ఆ వీధిలో చిట్టచివరిది. ముందు గదిలో కుట్టు మిషను, నేలంతా దారం ముక్కలు, సుద్ద పొడి. వంటగది అక్కడినుంచి రెండు మెట్లు కిందికి. పెరడు మాత్రం ఎత్తులో, గుట్టని ఆనుకుని ఉంటుంది. వీధి అంతటికీ పొద్దున్న కాసేపే నీళ్ళొస్తాయి. ఆయన కుళాయికి ఆ పట్టింపు లేదు. ఎప్పుడు తిప్పినా వస్తుంది. చుట్టుపక్కలవాళ్ళు బకెట్లు పట్టుకుని వస్తే ఆయన ఏనాడూ కాదనలేదు. నీళ్ళ ఆఫీసులో ఆయనకి పెద్ద చుట్టమెవరో ఉన్నాడని వీధి నమ్మకం. ఇల్లు పల్లంలో ఉంది కాబట్టి వస్తున్నాయని ఆయన నమ్మకం.

“తాతగారూ, నిజం చెప్పండి. నా అన్నం మీ మాట మీద ఉంది” అంది చుక్కమ్మ.

ఆయన కళ్ళజోడు తీసేశాడు. “అమ్మాయ్, జన్మలో ఒకరి గుడ్డ ముక్క దాచుకున్నవాణ్ణి కాదు. నీళ్ళు దాస్తానా?”

“గుడ్డ ముక్క దాచని దర్జీ ఉంటాడా?” అన్నాడు సూపర్‌వైజరు.

తాత చేతిలో కత్తెర ఉండటం చూసి చుక్కమ్మ గబగబా వీధిలోకి వెళ్ళి, మీటరు పక్కనున్న వాల్వు గట్టిగా బిగించి వచ్చింది. అంటే ఊరి నీళ్ళు ఇక ఇంట్లోకి రాకూడదు. వంటగదిలో కుళాయి తిప్పింది. నీళ్ళు ఎప్పట్లాగే, తనకేం పట్టనట్టు, ధారగా వచ్చాయి.

అప్పుడు ఆవిడకి తెలిసింది తను చేసిన తప్పేమిటో. మీటరు బిగించిన రోజున అతుకులన్నీ తడిమింది, చుక్క కారలేదని మురిసిపోయింది, కుళాయిలో నీళ్ళొస్తుంటే పని అయిపోయిందనుకుంది. ఆ నీళ్ళు తన మీటరులోంచే వస్తున్నాయా అని మాత్రం చూడలేదు. తనని వేళాకోళం చేసిన వాళ్ళందరిలాగే కుళాయి తిప్పి వెళ్ళిపోయింది. సిగ్గుతో తల వాలిపోయింది.

“చూశావా, దొంగ లైనే!” అన్నాడు సూపర్‌వైజరు.

మీటరు దాటి వచ్చిన గొట్టం ఎప్పుడో బిరడా వేసి గోడ దగ్గరే ఆగిపోయింది, కుళాయి గొట్టం వీధి వైపు పోనేలేదు. వెనక గోడలో దూరి పెరట్లోకి పోయింది. చుక్కమ్మ పార తీసుకుని దాని వెంబడే తవ్వడం మొదలుపెట్టింది. దొంగతనం ఉంటే తన చేత్తోనే బయట పెట్టాలన్న కసితో తవ్వింది. సూపర్‌వైజరు కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, తర్వాత చొక్కా చేతులు మడిచి తనూ దిగాడు. తాత గట్టు మీద కూర్చున్నాడు. “నాకూ చూడాలనే ఉందమ్మా” అన్నాడు. ఆ మాటలో దొంగ జాడ ఏదీ లేదని చుక్కమ్మకి అప్పుడే అనిపించింది.

మోకాలి లోతులో పార రాయికి తగిలింది. మామూలు రాయి కాదు, చెక్కిన బండ. మట్టి ఊడ్చి, గునపం దూర్చి, ఇద్దరూ ఊపిరి బిగబట్టి పక్కకి జరిపారు. లోపలినుంచి చల్లటి గాలి ఆవిడ ముఖానికి కొట్టింది.

నీళ్ళు.

రాళ్ళు పేర్చి కట్టిన చిన్న కాలువ, గుట్ట లోపలినుంచి వచ్చి బండ కింద తొట్టిలో నిండి, తాత కుళాయి గొట్టానికి కాస్త వదిలి, మిగతాది ఇంటి కిందినుంచి ఎటో వెళ్ళిపోతోంది. అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టుకునేంత తేటగా ఉంది. చప్పుడు లేదు. రాయికీ రాయికీ మధ్య సున్నం ఇంకా తెల్లగానే ఉంది. నీటి మట్టానికి పైన ఒక్క అతుకు దగ్గర కూడా చెమ్మ లేదు. చుక్కమ్మ అలవాటుగా వేలు పెట్టి తడిమింది. వేలు పొడిగానే వచ్చింది. ఏళ్ళ తరబడి మనుషుల కాళ్ళ కింద, ఎవరూ అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా, ఒక్క చుక్క వృథా పోనివ్వకుండా ఈ నీళ్ళు నడుస్తూనే ఉన్నాయి. తన పనంతా కలిపినా ఇంత గొప్పది కాదని ఆవిడకి ఏ అసూయా లేకుండా అనిపించింది.

సూపర్‌వైజరు వంగి చెయ్యి ముంచాడు. ముంచిన చెయ్యి తియ్యడం మర్చిపోయాడు.

“అయితే మీటరు అబద్ధం చెప్పలేదు సార్” అంది మెల్లగా. “ఊరి నీళ్ళు ఈ ఇంటికి ఒక్క చుక్క కూడా రాలేదు. సున్నా అంటే సున్నాయే.”

“మరి ఇన్నేళ్ళూ నేను మీ ఆఫీసుకి డబ్బు దేనికి కట్టానట?” అన్నాడు తాత గట్టు మీంచి.

ఇంతలో సూపర్‌వైజరుకి ఆఫీసునుంచి ఫోను, దొరికిందేమిటో అతను చెప్పాడు. అవతలి గొంతు పెరడంతా వినబడింది. అదేదో కాంక్రీటు పోసి పూడ్చేసి, మన లైను కలిపి రండి అంటోంది. కాదంటే తన పని పోతుంది. ఔనంటే ఇది పోతుంది. చుక్కమ్మ సూపర్‌వైజరు ముఖంలోకి చూసింది. అతను నీళ్ళు కారుతున్న తన చెయ్యి చూసుకున్నాడు.

“పూడ్చడం కుదరదు సార్” అన్నాడు ఫోనులో. “ఇవి మన నీళ్ళు కావు. మన మీటరు మనం తీసుకొచ్చేస్తాం. ఫిట్టరు తప్పేం లేదు, నేను రాసిస్తా.” ఫోను పెట్టేశాక మళ్ళీ ముఖం చిట్లించుకున్నాడు. “వాల్వు కట్టి చూడకపోవడం మాత్రం తప్పే. ఇంకోసారి ఇలా చేశావంటే ఊరుకోను.”

“చెయ్యను సార్” అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బండ మళ్ళీ కప్పే ముందు, చివరిసారిగా చూద్దామని చుక్కమ్మ గుంటలోకి వంగింది. తొట్టి అంచున, సున్నం పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో అదిమిన వేళ్ళ గుర్తులు కనిపించాయి. నాలుగు వేళ్ళు. పేరు లేదు, ఏ అక్షరమూ లేదు. ఆవిడ తన వేళ్ళు వాటిలో పెట్టింది. అతికినట్టు సరిపోయాయి. పొట్టి వేళ్ళు.

చాలాసేపు తియ్యలేదు. “ఏమయిందమ్మా?” అన్నాడు తాత. “ఏం లేదు తాతగారూ, కట్టినావిడ కనిపించింది” అంది. ఆవిడో, ఆయనో ఎవరికి తెలుసు? చుక్కమ్మకి మాత్రం అనుమానం లేదు.

బండ జరిపినప్పుడు అంచున ఒక చోట పెచ్చు ఊడింది. కాస్త సిమెంటు కలిపి ఆ చోట మెత్తింది, నున్నగా రుద్దింది. సూపర్‌వైజరు మీటరు విప్పడానికి వీధిలోకి వెళ్ళాడు. అప్పుడు తన నాలుగు వేళ్ళూ ఆ పచ్చి సిమెంటులో అదిమింది, పాత గుర్తుల పక్కనే. తర్వాత ఎప్పుడో బండ ఎత్తే మనిషి కోసం పక్కన కాస్త చోటు వదిలింది.