చీరాల దాకా నిద్రపోయిన పాఠకుడు

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం మాత్రం రాని ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. మంచి తెలుగులో ఏదైనా రాసి నెట్‌లో పెడితే చాలు, లోకమంతా పనులు మానుకుని వచ్చి చదువుతుందని. లోకానికి అంత తీరిక లేదని చెప్పేవాళ్లు లేకపోలేదు, వినే చెవులే నాకు లేవు. తెనాలిలో మా మామూకి (అమ్మకు అన్న) పరుపుల దుకాణం ఉండేది. బూరుగు దూదితో పరుపులు, దిండ్లు కుట్టించి అమ్మేవాడు. అదే వీధిలో అద్దాల తలుపులతో స్పాంజి పరుపుల షోరూము ఒకటి వెలిసేసరికి మా గడప తొక్కేవాళ్లు తగ్గిపోయారు. ఆఖరికి ఆ షోరూము వాళ్లే వచ్చి, "దుకాణం మాకు అద్దెకిచ్చేయండి భాయ్, మా సరుకు పెట్టుకుంటాం" అని అడిగారు. వేసవి వెళ్లాక చెబుతానన్నాడు మామూ. ఆ పూట ఆయన అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. నేను మాత్రం చేయి కడుక్కోకుండానే ప్రకటించాను, "మామూ, మనం బ్లాగు పెడదాం" అని.

"ఎక్కడ పెడదాం? దిండ్లకే చోటు లేదు" అన్నాడాయన.

'మెత్తని మాటలు' అని పేరు పెట్టి బ్లాగు మొదలుపెట్టేశాను. మొదటి వ్యాసం 'భారతీయ నాగరికతలో దూది'. రెండోది 'నిద్ర: ఒక సామాజిక అవలోకనం'. (ఇప్పుడు ఆ పేర్లు తలుచుకుంటేనే నాకు ఆవలింత వస్తుంది.) చూసినవాళ్ల లెక్క రోజూ పెరిగేది, ఎందుకంటే నేనే రోజురోజుకీ ఎక్కువసార్లు తెరిచి చూసుకునేదాన్ని. ఒకసారి "చాలా బాగా రాశారు, మీ జుట్టు రాలుతోందా?" అని ఒక వ్యాఖ్య వచ్చింది. మొదటి సగం మాత్రం ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మామూ ముఖంలో చాలా రోజులకు నవ్వు కనిపించింది. ఆ నవ్వు చూశాక రెండో సగం నూనె కంపెనీదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎలాగైనా నిజమైన పాఠకుణ్ణి పట్టుకురావాలని పట్టుదల పుట్టింది.

పాఠకులు మన దగ్గరికి రాకపోతే మనమే వాళ్ల దగ్గరికి వెళ్లాలి కదా! ముమానీ చేత (మామూ భార్య) దిండు గలీబుల మీద బ్లాగు చిరునామా లావుపాటి ఎర్రదారంతో కుట్టించాను. "ఇంత పొడుగు పేరేంటే, దారం ఉండలు ఉండలు మింగేస్తోంది" అని ఆవిడ సణిగింది. ఒక దిండు పట్టుకుని రేపల్లె బండెక్కాను. "మా బ్లాగు చదవండమ్మా" అంటే ఒకావిడ దిండును అటూ ఇటూ తిప్పి చూసి, "చదవటానికి ఇందులో ఏముందమ్మాయ్, ఒక్క వరసేగా" అని దాన్ని మనవరాలి తల కింద పెట్టింది. అప్పటిదాకా పెట్టె అదిరిపోయేలా ఏడుస్తున్న ఆ పిల్ల రేపల్లె వచ్చేదాకా మళ్లీ కన్ను తెరవలేదు. నాకు జ్ఞానోదయమైంది. ముందు దిండు, తర్వాత బ్లాగు!

మర్నాడు ఒంగోలు వైపు వెళ్లే బండెక్కాను. కిటికీ పక్కన తెల్లపంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు నిటారుగా కూర్చున్నారు. దిండు ఇవ్వబోతే, "దేనికమ్మాయ్ ఇది?" అన్నారు.

"తల కింద పెట్టుకోండి తాతగారూ, హాయిగా నిద్రపడుతుంది."

"నాకా? పగటినిద్ర నా ఒంట్లోనే లేదు. బాపట్లలో అన్నదమ్ములిద్దరు సరిహద్దు గోడ దగ్గర కొట్టుకు చస్తున్నారు. నేను దిగి రాజీ చెయ్యాలి. అలాంటివాడికి నిద్రేంటి?" అంటూనే, ఆడపిల్ల అడిగింది కదా అని మొహమాటానికి దిండును కిటికీకి ఆనించి చెంప పెట్టారు. చుండూరు రాకముందే గురక మొదలైంది. నా టిక్కెట్టు అక్కడికే. గెలిచిన ఆనందంలో దిగిపోయి, కదిలే కిటికీకి చెయ్యి కూడా ఊపాను. ఆయన బాపట్లలో దిగాలన్న ముక్క, తిరుగుబండిలో వచ్చి తెనాలి స్టేషన్లో టీ తాగుతుండగా గుర్తొచ్చింది. ఆ రాత్రే మామూకి అంతా చెప్పేశాను.

మర్నాడు పొద్దున్నే ఆయన దిండు చంకన పెట్టుకుని, తెనాలిలో బూరుగు దిండ్లు కుట్టేదెవరని అడుగుతూ వచ్చి దుకాణం ముందు ప్రత్యక్షమయ్యారు. నేను పరుపుల దొంతర వెనక్కి జారుకున్నాను.

"సాయిబు గారూ, ఈ దిండు మీదేనా? చీరాలలో లేచానయ్యా! చెంప మీద మీ అక్షరాలు అచ్చుపడ్డాయి. టిక్కెట్టు అడగాల్సిన మనిషి, అది మానేసి నా మొహం చదువుతూ నిలబడ్డాడు!"

"పొరపాటైపోయిందండి. ముందు కూర్చోండి బాబాయి గారూ" అని మామూ ఆయన్ని దుకాణంలోకల్లా మంచి పరుపు మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు. "ఇంతకీ ఆ అన్నదమ్ముల గొడవ ఏమైందండి?"

పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టేశారు. "నాకోసం ఎదురుచూసీ చూసీ విసుగొచ్చి ఇద్దరూ కలిసి నన్ను తిట్టుకున్నారట. అక్కడ మాట కలిసిందట. టీ తాగి, గోడ సంగతి వాళ్లే తేల్చుకున్నారు. ఇన్నేళ్లుగా రాజీలు చేస్తున్నవాణ్ణి, నేను లేకుండా రాజీ ఏంటయ్యా?" నేను చున్నీ కొంగు నోట్లో కుక్కుకున్నాను. మామూ మాత్రం నవ్వలేదు. "మీరు వస్తారన్న భయానికే కలిసుంటారండి" అన్నాడు. పెద్దాయన ముఖం విచ్చుకుంది. వెనక్కి వాలారు. కాసేపటికి మళ్లీ నిద్రపోయారు. లేచాక, "ఇంకో దిండు ఇవ్వండి, ఇంట్లో ఆవిడకి" అన్నారు. రాసుకోవచ్చా అని నేను బయటికొచ్చి అడిగితే, "రాసుకో, పేరు మాత్రం పెట్టకు" అన్నారు.

నాగరికత, సామాజికం అన్నీ పక్కనపెట్టి జరిగింది జరిగినట్టు రాశాను. బాపట్ల కాలేజీ పిల్లలు దాన్ని ఒకరికొకరు పంపుకున్నారు. అక్కడి నుంచి అది ఊళ్లు దాటి పోయింది. వ్యాఖ్యలే వ్యాఖ్యలు! పరుపు ఎంత అని అడిగినవాళ్లు తక్కువ, "ఆ పెద్దాయన దుకాణంలో ఎప్పుడుంటారండి?" అని అడిగినవాళ్లే ఎక్కువ. ముందుగా రేపల్లె నుంచి ఇద్దరు తోటికోడళ్లు అత్తగారి ఇత్తడి బిందె తగువుతో బండి దిగారు. కబురు పంపితే పెద్దాయన ఇస్త్రీ పంచెలో వచ్చారు. ఇద్దరినీ పరుపు మీద కూర్చోబెట్టారు. వెనక్కి వాలి కూర్చున్న మనిషికి గొంతు పెద్దగా లేవదని ఆ రోజే మాకు తెలిసింది. బిందె ఎవరికి పోయిందో గుర్తులేదు గానీ చెరో దిండు కొనుక్కుని వెళ్లారు. ఆ తర్వాత జనం వస్తూనే ఉన్నారు. వేసవి వెళ్లాక షోరూము వాళ్లు మళ్లీ వచ్చేసరికి లోపల ఏదో వియ్యాలవారి పంచాయితీ నడుస్తోంది. మామూ గడప దగ్గరే, "కాస్త ఆగండి, తీర్పు అయ్యేలా ఉంది" అన్నాడు. వాళ్లు కూడా నిలబడి విని, నవ్వుకుంటూ వెళ్లిపోయారు. మళ్లీ అద్దె మాట ఎత్తలేదు.

ఇప్పుడు నేను విజయవాడలో కంపెనీలకు ఇలాంటి రాతలే రాసిపెడుతున్నాను. చదివేవాళ్లు వేలల్లో ఉంటారు. ఎవరు ఏం రాసినా, పొగిడినా తిట్టినా, "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని ఒకటే జవాబు పెడతాను. మొన్న ఎందుకో ఆ పాత పేజీ తెరిచాను. పెద్దాయన పోయి కొన్నేళ్లయింది. ఫోన్లో తెలుగు కొట్టడం పట్టుబట్టి నేర్చుకుని మరీ ఆయన పెట్టిన వ్యాఖ్య అక్కడే ఉంది: "గురక అబద్ధం. నేను పెట్టను." దాని కింద నేను: "పెట్టారు తాతగారూ. చుండూరులో దిగాక కూడా వినిపించింది." ఆయన: "అది ఇంజను." నేను: "ఇంజను ముందుంటుంది. మీరు ఆఖరి పెట్టెలో ఉన్నారు."

చదువుతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తాత వయసు మనిషితో, అదీ ఉన్న ఒక్క నిజమైన పాఠకుడితో, ఒక్క మెట్టు దిగకుండా ఎంత వాదించిందీ పిల్ల అనుకున్నాను. ఆ కింద ఇంకేమీ లేదు. మిగతా వాదన పూర్తిచెయ్యడానికి మర్నాడు ఆయనే బండెక్కి దుకాణానికి వచ్చేశారు.