ప్లగిన్ మోసుకెళ్లిన జాతర తిట్టు

బొగ్గు పూసుకున్నది నేను బావా. నీది కుంకుమ. కాదంటే మీసం తీసేయ్.

ఈ మూడు ముక్కలూ ఒకే ఒక మనిషి కోసం రాసినవి. నా బ్లాగులో ఏ టపా పెట్టినా, మొదటి రెండు మూడు వాక్యాలను కత్తిరించి సోషల్ నెట్‌వర్క్‌లోకి మోసుకెళ్లే ప్లగిన్ ఒకటి తగిలించుకున్నాను. మిగతాది చదవాలంటే లింకు నొక్కాలి. మా బావ లింకు నొక్కడు. నొక్కితే బ్యాంకు ఖాతా ఊడ్చుకుపోతుందని ఆయన నమ్మకం. కాబట్టి ఆయనతో అనాల్సింది మొదట్లోనే అనేయాలి. ఇక్కడి నుంచి మీకోసం.

బావ అంటే మా అక్క మొగుడు. వాళ్లు పూతలపట్టులో ఉంటారు, నేను తిరుపతిలో. నాది రేడియో రిపేరు పని. బడి చదువు అయిదో తరగతితో ఆగింది. తక్కినదంతా అంగట్లో పొట్లం కట్టిచ్చిన కాగితాలు చదివి, పాడైన రేడియోలు విప్పి నేర్చుకున్నదే. రేడియోలు పోయాయి, టీవీలు వచ్చాయి. వాటినీ జనం రిపేరుకు తేవడం మానేశాక కొట్టు మూసి, బ్లాగు తెరిచాను. పాత సంగతులు రాస్తాను. రాసే ముందు ప్రతి సంగతీ ఫోన్లో బావకు చెప్పేవాణ్ణి. ఆయన ప్రతిదాన్నీ కాదనేవాడు.

"అది ఎర్ర బస్సు కాదప్పా. నువ్వు యాడ చూసినావు?"

"ఎక్కినోణ్ణి నేను బావా."

"నువ్వు నిద్ర పోతాంటే నేను ఎత్తుకోని ఎక్కించినా. ఊరికే ఉండు."

ఇలా ఇద్దరం గొంతులు చించుకున్నాకే టపా తయారయ్యేది. బ్లాగు ఎంతమంది చదివారన్న పట్టింపు నాకెప్పుడూ లేదు. నా పాఠకుడు నేను రాయకముందే తగాదా పెట్టుకునేవాడు.

కిందటేడు ఆయన గొంతుకు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, మాట పోయింది.

బస్సెక్కి చూడ్డానికి వెళ్లాను. ఎదురుగా కూర్చుని, కావాలనే ఒక తప్పు మాట వదిలాను. నా పెళ్లికి వంటవాడు గూడూరు నుంచి వచ్చాడన్నాను. ఆ వంటవాణ్ణి చిత్తూరు నుంచి పిలుచుకొచ్చింది స్వయంగా బావే. పెళ్లయిన ఇన్నేళ్లూ ఆ సాంబారు గొప్పతనాన్ని తన ఖాతాలో వేసుకుంటూనే ఉన్నాడు. అలాంటి మనిషి ఇప్పుడు తలూపాడు. అవునన్నట్టు ఊపాడు. పలక అందిస్తే పక్కన పెట్టేశాడు. నలుగురి ముందు పలక మీద రాయడం ఆయనకు నామోషీ. ఇంటికొచ్చి మెసేజీ పంపితే బొటనవేలి బొమ్మ వచ్చింది. ఏమి పంపినా అదే బొమ్మ. జీవితంలో నా మాట ఒక్కటీ ఒప్పుకోని మనిషి అన్నిటికీ సరేననడం మొదలుపెడితే ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. ఆపరేషన్ నాడు కూడా నాకంత భయం వేయలేదు.

అక్క ఒక మాట అంది. "పగలంతా ఆ ఫోను తోసుకుంటా ఉంటాడురా. ముక్కూ మొగం తెలీనోళ్లు రాసినేవన్నీ సదువుతాడు. మాకాడ మాత్రం ఉలకడు పలకడు."

అయితే నా రాతలు కూడా అక్కడికే వెళ్లాలి. ఎవరూ పంపినట్టు కాకుండా, వాటంతటవే ఆయన వేలి కిందికి రావాలి. వస్తే చదువుతాడు. చదివితే కాదనకుండా ఉండలేడు. నాకు కావలసింది అదే.

ప్లగిన్ అంటే నాకు అర్థమైనంత వరకు, రెండు పెట్టెల మధ్య తీగ. తీగలు కలపడం నా వృత్తి. అయినా ఈ తీగ నన్ను ఏడిపించింది. మామూలు మనిషి ఖాతాలోకి అది టపాలు మొయ్యదట, నా పేరున ఒక పేజీ తెరవాలట. పేజీ తెరుస్తుంటే నువ్వెవరివని అడిగింది. కళాకారుడివా, అంగడివా, ప్రజాప్రతినిధివా? మనిషి అన్న మాట ఆ వరుసలో ఎక్కడా లేదు. చివరికి రిపేరు కొట్టు అన్నదాన్ని నొక్కాను, మూసిన కొట్టు మళ్లీ తెరిచినట్టయింది. ఇక అనుమతులు. దానికి ఇది చూడనిస్తావా, దీనికి అది రాయనిస్తావా అని ఒకదాని వెంట ఒకటి. డిక్షనరీ పక్కన పెట్టుకుని అన్నీ చదివి మరీ ఒప్పుకున్నాను. ఒక్క గడి మాత్రం నా కంట పడలేదు. పాత టపాలను కూడా అప్పుడప్పుడూ పంపమంటారా అన్న గడి. దానికి ముందే టిక్కు పెట్టి ఉంది. అడక్కుండానే నువ్వు ఒప్పుకున్నావని రాసేసుకోవడం పూర్వం కరణాల పని. ఇప్పుడు కంప్యూటర్లు నేర్చుకున్నాయి.

మర్నాడు ఆ ప్లగిన్ నా పాత టపాల కుప్పలోంచి, అడుగున ఉన్న జాతర టపాను ఏరి తీసింది.

తిరుపతి గంగజాతర వారంలో వేషం కట్టినవాడు ఎదురైనవాణ్ణి బూతులు తిట్టవచ్చు. అది అమ్మవారికి మొక్కు. ఎవరూ కోపం తెచ్చుకోరు. ఆ తిట్టు తగిలినవాడికి ఏడాదంతా రోగం రాదని మా అమ్మ అనేది. బండ వేషం నాడు కుంకుమ పూసుకుంటారు, తోటి వేషం నాడు బొగ్గు. వయసులో ఉండగా ఒక ఏడు నేనూ బావా చెరొక వేషం కట్టాం. బొగ్గు పూసుకున్న నేను వీధిలో ఆయన్ను ఆపి తిట్టిన తిట్టుతోనే ఆ టపా మొదలుపెట్టాను. ఆయన ఆపరేషన్‌కు చాలా ముందు రాసింది. ప్లగిన్ కత్తిరించి మోసుకెళ్లింది ఆ తిట్టును మాత్రమే. జాతర అన్న మాట నాలుగో వాక్యంలో ఉంది, అది లింకు అవతల మిగిలిపోయింది.

బంధువులందరి ఫోన్లలో నా పేజీ పేరు కింద కనబడిందిది: "ఒరే బావా! పందికొక్కు మొగమోడా! నీ నోరు పడిపోను!"

అక్క ఫోను చేసింది. "ఏమిరా, నీకు బుద్ధుండాదా? మనిషి నోరు పోయి కూసోనుంటే, నలుగురూ సూసేట్టు ఆ మాట పెడతావా?"

"నేను పెట్టలేదక్కా. ప్లగిన్ పెట్టింది."

"ఎవుడు వాడు? వాణ్ని నా ముందరికి పిలుచుకోని రా."

"బావ చూసినాడా?"

"సూసినాడు. సూసి ఫోను ఎత్తుకోని లోపలికి పోయి తలుపేసుకున్నాడు."

బ్లాగులో ఆ టపా తీసేశాను. అక్కడ పోలేదు. ఇక్కడ తీసేస్తే అక్కడ పోదట, మోసుకెళ్లడమే గాని వెనక్కి తేవడం దాని పని కాదట. రెండు కొసలా పనిచేయని తీగను మా కొట్టులో అయితే చెత్తబుట్టలో వేసేవాణ్ణి. పేజీలోకి వెళ్లి తీసెయ్యడం ఎలాగో వెతుకుతూ కళ్లజోడు తుడుచుకుంటున్నాను. తుడిచి పెట్టుకునేసరికి ఆ తిట్టు కింద ఒక వ్యాఖ్య ఉంది. బావది. అక్షరాలు ఒక్కొక్కటే వెతికి కొట్టాడని చూస్తేనే తెలుస్తోంది.

"అంతా అబద్దం. బొగ్గు పూసుకొనింది నేను. నీది కుంకుమ. ఆ తిట్టు నేను నిన్ను తిట్టింది. నా తిట్టు దొంగిలించి నీదని రాసుకుంటివా. అంత బాగా తిట్టినా నీ నోరు ఇంకా పడలేదు, అదే నా బాధ."

దాని కింద మరొకటి. "వంటోడు గూడూరోడు కాదు. చిత్తూరోడు. ఆ పొద్దు నువ్వు బాధపడతావని ఊరికే ఉన్నా."

తీసెయ్యడం ఎలాగో వెతకడం మానేశాను. తర్వాత బ్లాగులో ఆ టపాను మళ్లీ పెట్టేశాను.

అప్పటి నుంచి రోజూ తగాదాయే. "అన్నం సల్లారిపోతాంది, ఆ బొటనవేలితో కొట్టేది ఆపమని మీ బావకు సెప్పురా" అని అక్క ఫోన్ చేస్తుంది. అక్కడి వ్యాఖ్యలు ఈ బ్లాగులోకి రావాలంటే ఇంకో ప్లగిన్ ఉందట. నేను పెట్టను. ఈ ఒక్క చోటైనా నా వాదనే వినబడనీ.

స్నానం చేసినా ఆ బొగ్గు చెవి వెనక నుంచి వారం దాకా పోలేదు. మా అమ్మ చెవి మెలిపెట్టి సీకాయతో రుద్దింది. ఆ చెవి నాది.