ముక్కు మీద వేలు

మణికొండలో మా వీధి క్లినిక్‌లో నా వీపు మీది సెగ్గడ్డకు కట్టు కట్టిన నర్సమ్మను తలచుకుంటే ముందు ఆమె వేలే గుర్తొస్తుంది. గడ్డ కోసిన డాక్టరు గారు చీమును పరీక్షకు పంపి, బ్యాక్టీరియా అన్నారు. మందులు వాడి మానిందనుకుంటే, రెండు నెలలకు మరొకటి లేచింది.

"వేడి చేసిందేమో సిస్టర్. రోజూ సబ్జా నీళ్లు తాగుతూనే ఉన్నానండి," అన్నాను.

ఆమె గ్లౌజు తీసి, మాస్కు మీదనే ముక్కుకు వేలు ఆనించింది. "వేడి కాదు సార్. అది ఈడనే ఉంటది, ఏడికి పోతది."

కట్టు మార్చిన ప్రతిసారీ అదే వేలు, అదే మాట. నా అజ్ఞానానికి ముక్కున వేలేసుకుంటోందని సిగ్గుపడ్డాను. 'ఈడ' అంటే క్లినిక్కో, ఊరో అర్థం కాలేదు. అడగలేదు.

మూడో గడ్డ మా పాప తొడ మీద లేచింది. పిల్లల డాక్టరమ్మ నా గడ్డల సంగతి విని, నా ముక్కులో దూదిపుల్ల తిప్పి పరీక్ష చేయించింది.

"అదే బ్యాక్టీరియా మీ ముక్కులో కాపురముంటోంది. చేతులు కడుక్కోకుండా పాపను ఎత్తుకోకండి," అంది.

అంటే అప్పుడు నర్సమ్మ ఆశ్చర్యపోలేదు, చోటు చూపించింది. ముక్కు అనే మాట నోటితో ఎందుకు అనలేదో నాకిప్పటికీ తెలియదు. డాక్టరమ్మ ఎదుట మాత్రం నా వేలు దానంతటదే ముక్కు వైపు లేచి, మధ్యలో ఆగిపోయింది.